ఎన్‌క్లేవ్ పేజీ తిరిగొచ్చాక ర్యామ్‌లో మిగిలేదెంత? లినక్స్ ఎస్‌జీఎక్స్ స్వాప్ లోతుపాతులు

ఎన్‌క్లేవ్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తొంగి చూడకుండా ప్రాసెసర్ కాపాడే మెమరీ భాగం, ఇంటెల్ చిప్‌లలో ఈ సౌకర్యం పేరే ఎస్‌జీఎక్స్. ఒక సర్వర్ మీద 40 జీబీ ఎన్‌క్లేవ్ నడుస్తోందనుకుందాం. దాని పేజీలన్నీ (ఒక్కోటి 4 కేబీ మెమరీ ముక్క) ఇప్పుడు ప్రాసెసర్ రక్షణలోనే ఉన్నాయి, బయట ఒక్కటీ లేదు. అయినా మామూలు ర్యామ్‌లో ఆ ఎన్‌క్లేవ్ పేరు మీద ఇంకో 41.25 జీబీ ఇరుక్కుని ఉండొచ్చు. ఆ మెమరీని ఎవరూ చదవరు, చదివినా ఎవరికీ పనికిరాదు, ఎన్‌క్లేవ్ ఆగేదాకా విడుదల కాదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ 5.11తో ఎస్‌జీఎక్స్ మద్దతు కెర్నల్‌లోకి చేరింది. అప్పటి నుంచి 2022 మార్చి నాటి 5.17 దాకా పరిస్థితి ఇదే. 5.17లో దీన్ని సరిచేశారు. ఆ సవరణ కొత్త తలనొప్పి తెచ్చింది, దాన్ని 5.19లో మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. వాడని మెమరీని వదిలేయడం అనే చిన్న పనికి రెండు విడతలు ఎందుకు పట్టాయో అర్థం కావాలంటే పేజీ బయటికి ఎలా పోతుందో, లోపలికి ఎలా వస్తుందో ముందు చూడాలి.

ఇంటెల్ ఎస్‌జీఎక్స్‌లో ఎన్‌క్లేవ్ పేజీలు ఉండే చోటును ఈపీసీ అంటారు. బూట్ సమయంలోనే ర్యామ్‌లో కొంత భాగాన్ని బయాస్ దీనికోసం పక్కన పెడుతుంది. తర్వాత దాన్ని పెంచడం కుదరదు. తొలితరం డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో 128 ఎంబీ కేటాయిస్తే అందులో ఎన్‌క్లేవ్‌లకు దక్కేది సుమారు 93 ఎంబీ. 2021 నాటి ఐస్ లేక్ జియాన్ సర్వర్ చిప్‌లలో మోడల్‌ను బట్టి ఒక్కో సాకెట్‌కు 512 జీబీ దాకా వెళ్లింది. ఈ రెండు అంకెల మధ్య దూరం ఈ విషయంలో చాలా ముఖ్యం. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఈపీసీ నిండినప్పుడు కెర్నల్‌లోని మామూలు స్వాప్ కోడ్ (మెమరీ చాలనప్పుడు పేజీలను డిస్క్ మీదికి పంపేది) ఏమీ చేయలేదు. ఆ పేజీలను కెర్నల్ సైతం చదవలేదు కాబట్టి ఎస్‌జీఎక్స్ డ్రైవర్‌కు తన సొంత స్వాప్ ఉంది. ఖాళీ ఈపీసీ పేజీలు 32 కంటే తగ్గితే కెఎస్‌జీఎక్స్‌డీ అనే కెర్నల్ థ్రెడ్ లేస్తుంది, మళ్లీ 64 అయ్యేదాకా పేజీలను బయటికి పంపుతుంది. ఒక విడతలో 16 పేజీల దాకా చూస్తుంది. ఈమధ్య వాడిన పేజీ అయితే వదిలేస్తుంది. మిగిలినవాటికి మొదట ఈబ్లాక్ ఇన్‌స్ట్రక్షన్ నడుస్తుంది, దాంతో ఆ పేజీకి టీఎల్‌బీలో (పేజీలు ఎక్కడున్నాయో ప్రతి కోర్ గుర్తుపెట్టుకునే చిట్టా) కొత్త ఎంట్రీలు పుట్టవు. తర్వాత పేజీని ఎన్‌క్రిప్ట్ చేసి బయటికి రాసే ఈడబ్ల్యూబీ. పాత టీఎల్‌బీ ఎంట్రీలు ఇంకా ఏదో కోర్‌లో ఉన్నాయని ప్రాసెసర్ అభ్యంతరం చెబితే ఈట్రాక్ నడిపి మళ్లీ ప్రయత్నిస్తారు. అప్పటికీ కుదరకపోతే ఎన్‌క్లేవ్ నడుస్తున్న కోర్లన్నింటికీ ఇంటరప్ట్ పంపి, థ్రెడ్లను బయటికి రప్పించి మూడోసారి ప్రయత్నిస్తారు.

ఈడబ్ల్యూబీ ఒక్కసారి నడిస్తే మూడు చోట్ల మూడు వస్తువులు మిగులుతాయి. ఎన్‌క్రిప్ట్ అయిన 4 కేబీ పేజీ మామూలు ర్యామ్‌లోకి వెళ్తుంది. దాని తాలూకు 128 బైట్ల మెటాడేటా (పీసీఎండీ) కూడా మామూలు ర్యామ్‌లోకే వెళ్తుంది. ఆ 128 బైట్లలో 64 పేజీ రకం, అనుమతులకు, 8 ఎన్‌క్లేవ్ గుర్తింపు సంఖ్యకు, 16 పేజీని ఎవరూ మార్చలేదని రుజువు చేసే మ్యాక్‌కు పోగా 40 ఖాళీగా రిజర్వు చేసినవి. మూడోది 8 బైట్ల వెర్షన్ నంబర్. ఇది మాత్రం ఈపీసీ దాటి బయటికి రాదు, వీఏ పేజీ అనే ప్రత్యేక ఈపీసీ పేజీలో ఒక గడిలో కూర్చుంటుంది. ఒక వీఏ పేజీలో 512 గడులు. డ్రైవర్ ఎన్‌క్లేవ్‌కు ప్రతి 512 పేజీలకూ ఒక వీఏ పేజీని ముందే పక్కన పెడుతుంది. అసలు పేజీలను బయటికి పంపుతుంది గానీ ఈ వీఏ పేజీలను లినక్స్ ఎప్పుడూ పంపదు.

బయటికొచ్చిన రెండింటికీ ఆసరా ఒక షెమెమ్ ఫైల్, అంటే ర్యామ్‌లోనే ఉండే ఫైల్. ఎన్‌క్లేవ్ సృష్టించేటప్పుడే డ్రైవర్ దీన్ని తెరుస్తుంది. ఫైల్‌లో మొదటి భాగం ఎన్‌క్లేవ్ పేజీలకు, ఆ వెంటనే ఎన్‌క్లేవ్ మూలపత్రమైన ఎస్‌ఈసీఎస్‌కు ఒక పేజీ, దాని వెనక పీసీఎండీల వరుస. 4,096ని 128తో భాగిస్తే 32, అంటే ఒక పీసీఎండీ పేజీలో 32 ఎన్‌క్లేవ్ పేజీల మెటాడేటా కలిసి ఉంటుంది. 1 జీబీ ఎన్‌క్లేవ్‌కు పీసీఎండీ భాగం 32 ఎంబీ. ఫైల్ సైజు ఇంత ఉన్నా, ఏ పేజీ వాడితే ఆ పేజీకే ర్యామ్ ఖర్చవుతుంది. ఇది షెమెమ్ కాబట్టి మామూలు ర్యామ్ కూడా బిగుసుకుంటే కెర్నల్ దీన్ని డిస్క్ స్వాప్‌లోకి నెట్టగలదు. ఈపీసీ నుంచి ర్యామ్‌కు, ర్యామ్ నుంచి డిస్క్‌కు, అలా రెండంచెల స్వాప్ అన్నమాట.

ఇక వెనక్కి వచ్చే దారి. ఎన్‌క్లేవ్ ఆ పేజీని ముట్టుకోగానే పేజ్ ఫాల్ట్ (పేజీ లేదని ప్రాసెసర్ కెర్నల్‌కు పంపే కబురు) వస్తుంది. డ్రైవర్ ఒక ఖాళీ ఈపీసీ పేజీ తీసుకుని, షెమెమ్ నుంచి డేటా పేజీనీ పీసీఎండీనీ పట్టుకుని, పేజీని లోపలికి తెచ్చే ఈఎల్‌డీయూ ఇన్‌స్ట్రక్షన్ నడుపుతుంది. ప్రాసెసర్ మ్యాక్ సరిచూస్తుంది, వెర్షన్ నంబర్‌ను వీఏ గడితో పోల్చి చూస్తుంది. రెండూ కుదిరితే పేజీ డీక్రిప్ట్ అయి ఈపీసీలో కూర్చుంటుంది, వీఏ గడి సున్నా అవుతుంది.

అసలు కిటుకు ఆ సున్నాలోనే ఉంది. మామూలు స్వాప్‌లో పేజీ వెనక్కి వచ్చాక డిస్క్ మీది కాపీని కొంతకాలం ఉంచుకోవడానికి ఒక కారణం ఉంది. ప్రోగ్రామ్ ఆ పేజీని మార్చకపోతే మళ్లీ రాయకుండానే బయటికి పంపేయొచ్చు. ఎస్‌జీఎక్స్‌లో ఆ వెసులుబాటు లేదు. గడి సున్నా అయిన క్షణం నుంచి ఆ పాత కాపీ చింపేసిన సినిమా టికెట్టుతో సమానం, దాంతో మళ్లీ లోపలికి రానివ్వరు. పాత పేజీని కొత్తదిగా చూపించి ఎన్‌క్లేవ్‌ను మోసం చేయకుండా ఆపడానికే ఈ ఏర్పాటు. మళ్లీ బయటికి పంపాలంటే కొత్త వెర్షన్‌తో, కొత్త మ్యాక్‌తో మొత్తం మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయాల్సిందే. కాబట్టి ఈఎల్‌డీయూ నెగ్గిన తర్వాత షెమెమ్‌లో మిగిలిన ఆ పేజీకి విలువ సున్నా. తొలి కోడ్ దాన్ని వదలకపోవడం ఏ లాభం కోసమో చేసిన బేరం కాదు, వదిలే పని రాయకపోవడమే.

వృథా ఎంత ఉండొచ్చు? ఇక్కడ ఒక లెక్క చాలామంది దృష్టికి రాదు. పనికిరాని కాపీ ఉండాలంటే ఆ పేజీ ప్రస్తుతం ఈపీసీలో ఉండాలి. బయటే ఉన్న పేజీ కాపీ అవసరమైనదే కదా. కాబట్టి మొత్తం యంత్రం మీద డేటా పేజీల వృథా ఈపీసీ సైజును మించదు. 93 ఎంబీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో అది ఎవరికీ పట్టేంత పెద్దది కాదు. 64 జీబీ ఈపీసీ ఉన్న సర్వర్‌లో పెద్దదే. 40 జీబీ ఎన్‌క్లేవ్ ఒకటి నడుస్తుండగా ఇంకో పెద్ద ఎన్‌క్లేవ్ వచ్చి దాన్ని పూర్తిగా బయటికి నెట్టిందనుకోండి. రెండోది పని ముగించి పోయాక మొదటిది నెమ్మదిగా మొత్తం వెనక్కి వస్తుంది. ఇప్పుడు దాని 40 జీబీ డేటా కాపీ, 1.25 జీబీ పీసీఎండీ, రెండూ షెమెమ్‌లో అలాగే ఉండిపోతాయి. మొదట్లో చెప్పిన 41.25 జీబీ ఇదే.

ఈ వృథా కంటికి కనపడకపోవడం ఇంకో ఇబ్బంది. షెమెమ్ ఫైల్‌ను ఏ ప్రాసెస్ తన అడ్రస్ స్పేస్‌లోకి మ్యాప్ చేసుకోదు, అందుకే టాప్, పీఎస్ చూపించే ఆర్‌ఎస్‌ఎస్‌లో (ఒక్కో ప్రాసెస్ వాడే ర్యామ్ లెక్క) ఇది చేరదు. కెర్నల్ లోపలి మౌంట్ మీద ఉంటుంది కాబట్టి డెవ్ ఎస్‌హెచ్‌ఎం మీద డీఎఫ్ కొట్టినా కనపడదు. కనిపించేది ముఖ్యంగా, యంత్రం మొత్తం మెమరీ లెక్కలు చూపే ప్రాక్ మెమ్‌ఇన్ఫోలో షెమెమ్ వరుసలో. స్వాప్ లేకుండా నడిపే సర్వర్లలో షెమెమ్ పేజీలను కెర్నల్ వదిలించుకోలేదు, ఫైల్ క్యాష్‌లా పారేయడానికి వీల్లేదు. మెమరీ అయిపోయి, ఏదో ఒక ప్రాసెస్‌ను చంపి చోటు చేసే ఓఓఎమ్ కిల్లర్ లేస్తే అది చూసే లెక్కల్లో ఈ మెమరీ ఏ ప్రాసెస్ ఖాతాలోనూ ఉండదు గనుక, సంబంధం లేని ప్రాసెస్ బలి కావచ్చు. స్వాప్ ఉంటే ఇంకో రకం నష్టం: ఎవరికీ అక్కర్లేని ఎన్‌క్రిప్టెడ్ చెత్తను డిస్క్ మీదికి రాస్తూ కూర్చుంటుంది.

మొదటి సవరణ

ఎస్‌జీఎక్స్ డ్రైవర్ నిర్వాహకుడు యార్కో సక్కినెన్ రాసిన సవరణ 5.17లో చేరింది. డేటా పేజీ విషయంలో ఇది చాలా సూటిగా ఉంటుంది. ఈఎల్‌డీయూ అయ్యాక షెమెమ్ ఫైల్‌లో ఆ ఒక్క 4 కేబీ భాగాన్ని ట్రంకేట్ చేసే (ఫైల్ నుంచి కోసి పారేసే) ఫంక్షన్‌ను పిలుస్తారు. ర్యామ్‌లో ఉంటే ర్యామ్ పేజీ, డిస్క్ స్వాప్‌లో చోటు పట్టుకుని ఉంటే ఆ చోటు విడుదలవుతాయి. ఒక ఎన్‌క్లేవ్ పేజీకి ఒకే డేటా పేజీ, పంపకాలు లేవు, గొడవ లేదు.

పీసీఎండీ పేజీ అలా కాదు, 32 మంది వాటాదారులున్న ఆస్తి. ఒకరి పని అయిపోగానే మొత్తం వదిలేస్తే మిగతా 31 మంది కొంప మునుగుతుంది. ఎవరెవరి వాటా మిగిలి ఉందో తెలియాలి. దానికి విడిగా కౌంటర్ పెట్టుకోవచ్చు. సవరణ ఇంకో దారి ఎంచుకుంది: ఈఎల్‌డీయూ అయ్యాక ఆ పేజీ తాలూకు 128 బైట్లను సున్నా చేస్తుంది, తర్వాత మొత్తం 4,096 బైట్లలో సున్నా కానిది ఏదైనా ఉందా అని వెతుకుతుంది. అన్నీ సున్నాలే అయితే వాటాదారులందరూ లోపలే ఉన్నారని లెక్క, పీసీఎండీ పేజీని కూడా ట్రంకేట్ చేస్తుంది. 16 బైట్ల మ్యాక్ మొత్తం సున్నాలుగా రావడం ఆచరణలో జరగదు కాబట్టి నిజమైన పీసీఎండీని ఖాళీ గడిగా పొరబడే ప్రమాదం లేదు. అదనపు మెమరీ అక్కర్లేదు, అదనపు లెక్కలు అక్కర్లేదు. తెలివైన పద్ధతే.

లోపం కూడా అక్కడే ఉంది. సున్నా అంటే పని అయిపోయిందనీ కావచ్చు, ఇంకా రాయలేదనీ కావచ్చు. కాసేపట్లో రాయబోతున్న గడి, ఎప్పటికీ అవసరం లేని గడి ఒకేలా కనిపిస్తాయి.

దాని ఫలితం రెండు పేజీల మీద చూద్దాం. క, ఖ అనే పేజీలు ఒకే పీసీఎండీ పేజీ వాటాదారులు. క బయట ఉంది. ఖ ఇంకా ఈపీసీలో ఉంది గానీ కెఎస్‌జీఎక్స్‌డీ దాన్ని బయటికి పంపడానికి ఎంచుకుంది. మిగతా 30 లోపలే ఉన్నాయి. ఖ కోసం కెఎస్‌జీఎక్స్‌డీ ముందుగానే షెమెమ్‌లోని డేటా పేజీనీ పీసీఎండీ పేజీనీ పట్టుకుని పెట్టుకుంటుంది. ఎందుకంటే విడతలోని 16 పేజీల మీదా పని మూడు చుట్లుగా సాగుతుంది. మొదటి చుట్టులో అన్నింటికీ షెమెమ్ పేజీలు సిద్ధం చేస్తుంది, రెండో చుట్టులో అన్నింటికీ ఈబ్లాక్, మూడో చుట్టులో అన్నింటికీ ఈడబ్ల్యూబీ. మొదటి చుట్టుకూ మూడో చుట్టుకూ మధ్య కావలసినంత సందు ఉంటుంది.

ఆ సందులో ఎన్‌క్లేవ్ క పేజీని ముట్టుకుంటుంది. ఫాల్ట్ హ్యాండ్లర్ (పేజ్ ఫాల్ట్ వచ్చినప్పుడు నడిచే డ్రైవర్ కోడ్) క ను లోపలికి తెచ్చి, దాని పీసీఎండీని సున్నా చేసి, పేజీ మొత్తం సున్నాలే ఉండటం చూసి ట్రంకేట్ చేస్తుంది. ఫైల్ నుంచి ఆ పీసీఎండీ పేజీ విడిపోయింది. కెఎస్‌జీఎక్స్‌డీ చేతిలో మాత్రం ఇంకా ఆ పాత పేజీ రెఫరెన్స్ ఉంది. మూడో చుట్టు వచ్చింది, ఈడబ్ల్యూబీ నడిచింది, ఖ తాలూకు పీసీఎండీ ఆ విడిపోయిన పేజీలోకి రాసుకుంది. ఇన్‌స్ట్రక్షన్ నెగ్గింది, ఎక్కడా ఎర్రర్ లేదు. రెఫరెన్స్ వదలగానే పేజీతో పాటు ఖ మెటాడేటా కూడా గాలిలో కలిసిపోయింది.

తప్పు బయటపడేది తర్వాతెప్పుడో, ఎన్‌క్లేవ్ ఖ ను అడిగినప్పుడు. షెమెమ్ ఫైల్‌లో ఆ చోట ఏమీ లేదు కాబట్టి సున్నాలతో నిండిన కొత్త పేజీ వస్తుంది. ఈఎల్‌డీయూకు సున్నాల పీసీఎండీ ఇస్తే ప్రాసెసర్ జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ విసురుతుంది, కెర్నల్ లాగ్‌లో వార్నింగ్ పడుతుంది, ప్రోగ్రామ్‌కు సిగ్‌బస్ (మెమరీ అందలేదని చెప్పే సిగ్నల్) అందుతుంది. ఎన్‌క్రిప్టెడ్ డేటా పేజీ పక్కనే చెక్కుచెదరకుండా ఉన్నా దాన్ని తెరిచే దారి లేదు. మ్యాక్ లేని పేజీని ప్రాసెసర్ ఏ పరిస్థితిలోనూ తీసుకోదు. ఎన్‌క్లేవ్ స్థితి పోయినట్టే.

ఇక్కడ తూకం వేసి చూడాలి. పీసీఎండీ పేజీలను వదలడం వల్ల కలిసొచ్చేది డేటా పేజీలతో కలిసొచ్చే దాంట్లో 32వ వంతు. 40 జీబీకి 1.25 జీబీ. డేటా పేజీలను మాత్రం వదిలి పీసీఎండీని ఎన్‌క్లేవ్ చచ్చేదాకా ఉంచుకుని ఉంటే మొదటి సవరణతోనే లాభంలో 97 శాతం దక్కేది, ఈ డేటా నష్టం జరిగేదే కాదు. మిగిలిన 3 శాతం కోసమే లాక్‌లు, ఫ్లాగ్‌లు, తనిఖీలు అన్నీ వచ్చిపడ్డాయి. పెద్ద ఈపీసీ సర్వర్లలో ఆ 3 శాతం కూడా జీబీల్లో ఉంటుంది నిజమే. కానీ రెండు పనులూ ఒకే ప్యాచ్‌లో కాకుండా విడివిడిగా వచ్చి ఉంటే మేలు జరిగేది.

రెండో విడత

ఇంటెల్ ఇంజనీరు రైనెట్ షాట్రే రాసిన ఐదు ప్యాచ్‌లు 5.19లో చేరాయి, నడుస్తున్న స్టేబుల్ శాఖలకూ వెళ్లాయి. మామూలు కెర్నల్‌లో ఈ లోపాన్ని రప్పించడం చాలా కష్టం. ఎస్‌జీఎక్స్ తర్వాతి తరమైన ఎస్‌జీఎక్స్2 కోడ్‌ను పరీక్షిస్తున్నప్పుడు ఇది మొదట బయటపడింది.

ఐదింటిలో మొదటి రెండూ డర్టీ గుర్తుకు సంబంధించినవి. మెమరీలో పేజీని మార్చినప్పుడు డర్టీ అని గుర్తు పెట్టకపోతే, అందులో కొత్తదేమీ లేదనుకుని కెర్నల్ మార్పును పారేసే వీలుంది. అంతకుముందు రెఫరెన్స్ వదిలేటప్పుడు డేటా పేజీకీ పీసీఎండీకీ కలిపి ఈ గుర్తు పెట్టేవారు. అప్పటికి ఆలస్యం కావచ్చు, ఈలోపు ఫాల్ట్ హ్యాండ్లర్ అదే పేజీని అడిగి పాత డేటా అందుకోవచ్చు. ఇప్పుడు రాయడానికి ముందే గుర్తు పెడతారు. పీసీఎండీని సున్నా చేసినచోట కూడా ఈ గుర్తు మరిచిపోయారు, దాన్నీ చేర్చారు.

మూడోది, కెఎస్‌జీఎక్స్‌డీ షెమెమ్ పేజీలను పట్టుకునే పనిని ఎన్‌క్లేవ్ మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే అనుమతించే లాక్) లోపలికి తెచ్చింది. ఫాల్ట్ హ్యాండ్లర్ అప్పటికే ఆ లాక్ పట్టుకునే పని చేస్తోంది. ఒక పక్షం లాక్‌తో, ఇంకో పక్షం లాక్ లేకుండా ఒకే ఫైల్ మీద పడటం ఆగింది. అయినా ఇది చాలదు. మొదటి చుట్టులో లాక్ పట్టుకుని వదిలేస్తుంది, మూడో చుట్టులో మళ్లీ పట్టుకుంటుంది, మధ్యలోని సందు అలాగే ఉంది. మూడు చుట్లకూ కలిపి లాక్ పట్టుకోవడం కుదరదు, ఎందుకంటే ఆ 16 పేజీలు వేర్వేరు ఎన్‌క్లేవ్‌లవి కావచ్చు.

సందును మూసింది నాలుగోది. మొదటి చుట్టులో, లాక్ చేతిలో ఉండగానే, ఎంచుకున్న ప్రతి పేజీ మీదా బయటికి వెళ్తోంది అనే ఫ్లాగ్ పడుతుంది. ఫాల్ట్ హ్యాండ్లర్ పీసీఎండీ పేజీ ఖాళీ అని తేల్చాక ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంది: ఈ పీసీఎండీని పంచుకునే 32 పేజీల్లో దేనిమీదైనా ఆ ఫ్లాగ్ ఉందా? ఉంటే ట్రంకేట్ చేయదు. వాటాదారులను వెతకడం తేలికే. పేజీ సంఖ్యలోని చివరి 5 బిట్లు సున్నా చేస్తే మొదటి వాటాదారు దొరుకుతుంది, అక్కడి నుంచి వరుసగా 32 చూస్తే చాలు. అలా ట్రంకేట్ చేయకుండా ఉంచేసిన పీసీఎండీ పేజీ శాశ్వతంగా లీక్ అవుతుందన్న భయం అక్కర్లేదు. ఇప్పుడు బయటికి వెళ్తున్న పేజీ ఎప్పటికైనా వెనక్కి వచ్చినప్పుడు అదే తనిఖీ మళ్లీ నడుస్తుంది.

ఐదోది కాపలాదారు. ట్రంకేట్ చేశాక కూడా ఆ పీసీఎండీ పేజీలోకి ఒకసారి తొంగి చూస్తుంది. సున్నా కానిది ఏదైనా కనిపిస్తే, ట్రంకేట్ తర్వాత పీసీఎండీ పేజీ ఖాళీగా లేదని లాగ్‌లో రాస్తుంది. డేటాను ఇది కాపాడదు. కానీ నెలల తర్వాత వచ్చే వింత సిగ్‌బస్‌కు బదులు తప్పు జరిగిన క్షణంలోనే ఆనవాలు దొరుకుతుంది.

సర్వర్ నడిపేవారు మొదట చూడాల్సింది కెర్నల్ వెర్షన్. 5.17 కంటే పాతదై, బ్యాక్‌పోర్ట్ (కొత్త సవరణను పాత కెర్నల్‌కు చేర్చడం) కూడా లేకపోతే మెమరీ వృథా ఉంటుంది, ట్రంకేట్ వల్ల వచ్చే ఈ డేటా నష్టం ఉండదు. ఈపీసీని మించి ఎన్‌క్లేవ్‌లు నడిపేవారికి అన్నింటికంటే ప్రమాదకరమైనది మొదటి సవరణ ఉండి రెండో విడత లేని కెర్నల్. డిస్ట్రిబ్యూషన్ కెర్నళ్లలో వెర్షన్ నంబర్ ఒక్కటే నమ్మకూడదు, ఛేంజ్‌లాగ్‌లో రెండూ ఉన్నాయో లేదో చూడాలి. మొత్తం ఈపీసీ ఎంతో తెలుసుకోవడానికి 5.17 నుంచి సిస్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి న్యూమా నోడ్ (ప్రాసెసర్, దాని దగ్గరి మెమరీ కలిసిన గుంపు) కింద బైట్లలో ఒక ఫైల్ ఉంది. పరీక్షించాలంటే దానికంటే పెద్ద ఎన్‌క్లేవ్ తయారుచేసి పేజీలన్నింటినీ పదేపదే ముట్టుకుంటూ మెమ్‌ఇన్ఫోలో షెమెమ్ అంకె గమనించాలి. సవరణ ఉన్న కెర్నల్‌లో ఆ పెరుగుదల ఎన్‌క్లేవ్ సైజులోంచి ఈపీసీలో ఉన్న భాగం తీసేయగా మిగిలినది, దానికి తోడు పీసీఎండీ, ఇంత దగ్గర ఆగాలి. పీసీఎండీ మాత్రం ఎన్‌క్లేవ్ సైజులో 32వ వంతు దాకా పోవచ్చు, ఎందుకంటే 32లో ఒక్కటి బయట ఉన్నా మొత్తం పీసీఎండీ పేజీ నిలబడే ఉంటుంది. పేజీలను చెల్లాచెదురుగా ముట్టుకునే ప్రోగ్రామ్‌లో ఇలాగే జరుగుతుంది, అది లీక్ కాదు. సొంతంగా ఎన్‌క్లేవ్ రాయడం ఇష్టం లేకపోతే కెర్నల్ సోర్స్‌లోని ఎస్‌జీఎక్స్ సెల్ఫ్‌టెస్ట్‌లలో ఈపీసీ మొత్తమంత హీప్‌తో నడిచే పరీక్ష ఒకటి ఉంది.

సిగ్‌బస్ కనిపించిన ప్రతిసారీ ఈ లోపాన్నే అనుమానించనక్కర్లేదు. యంత్రం సస్పెండ్ అయి లేచినా ఈపీసీలోని సరుకంతా పోతుంది, అప్పుడూ ఎన్‌క్లేవ్ కూలుతుంది. లాగ్‌లో ఈఎల్‌డీయూ పేరుతో వార్నింగ్ ఉంటే మాత్రం ఇటు చూడాలి.

కంటైనర్లకు మెమరీ పరిమితులు పెట్టేవారికి ఇంకో విషయం. పేజీలను బయటికి పంపేది కెఎస్‌జీఎక్స్‌డీ, అది కెర్నల్ థ్రెడ్. అందువల్ల మొదట్లో షెమెమ్ పేజీల ఖర్చు ఎన్‌క్లేవ్ సొంతదారు సీగ్రూప్‌కు (మెమరీ పరిమితి పెట్టే ప్రాసెస్‌ల గుంపు) కాకుండా రూట్ సీగ్రూప్‌కు పడేది. ఎవరి పరిమితీ దాటకుండానే హోస్ట్ మెమరీ అయిపోయేది. 2022లోనే ఇంకో సవరణ వచ్చి, షెమెమ్ పేజీ కేటాయించే ముందు ఎన్‌క్లేవ్ తాలూకు సీగ్రూప్‌ను వెతికి ఖర్చు దాని ఖాతాలో వేయడం మొదలైంది. ఆ కెర్నల్‌కు మారాక పాత పరిమితులతోనే నడిపితే, నిన్నటిదాకా బాగా నడిచిన ఎన్‌క్లేవ్ కంటైనర్ ఇవాళ ఓఓఎమ్‌తో చావొచ్చు. పరిమితి లెక్కకట్టేటప్పుడు ఎన్‌క్లేవ్ మొత్తం బయటికి వెళ్లే రోజును దృష్టిలో పెట్టుకోవాలి: ఎన్‌క్లేవ్ సైజు, దాని మీద 32వ వంతు, ఆ పైన ప్రోగ్రామ్‌లో ఎన్‌క్లేవ్ బయటి భాగం వాడే మామూలు మెమరీ.